ఉన్ని కొట్టం మలుపు

కారు వెళ్ళిపోయింది. తన కారే, తను లేకుండా వెళ్ళిపోయింది. షెడ్డు ముందు లేచిన దుమ్ము ఇంకా నేలకు దిగనేలేదు, అది మొదటి మలుపు తిరిగి కనుమరుగైంది, ఇక మిగిలింది చప్పుడొక్కటే. ఆ చప్పుడునే నెరియో బర్దూసి చెవులు రిక్కించి వింటున్నాడు, టైర్ల దొంతర మీద కూర్చోబోయి లేచి, లేచి మళ్ళీ కూర్చోబోయి, చివరికి ఎందుకొచ్చిన గోల అని నిలబడే ఉండి. పాతికేళ్ళుగా పందేల్లో కార్లు తోలుతున్నాడు గాని తన కారును బయట నిలబడి వినడం ఇదే మొదటిసారి. పెళ్ళాం గొంతు పక్కింట్లోంచి వినబడినట్టుంది. ఇదంతా తన నోటి పుణ్యమే. ఈ సీజను మొదలైనప్పటి నుంచీ చెబుతున్నాడు, కారులో ఏదో ఉంది, వెనక భాగం నిలవడం లేదు, మలుపులో జారిపోతోంది అని. ముందు స్ప్రింగులన్నాడు, తర్వాత టైర్లన్నాడు, ఆపైన వెనక ఇరుసే వంకరన్నాడు, మెకానిక్కు ఎల్వియో ప్రతిసారీ విప్పాడు, ప్రతిసారీ బిగించాడు. కారు నడకను రాసిన కంప్యూటర్ గీతలు తెచ్చి చూపిస్తే ఆ గీతలే తప్పని యాగీ చేశాడు. ఇవాళ పొద్దున, జట్టులో రెండో కారు తోలే దామియాన్ కిరోగా, ఇరవై మూడేళ్ళ కుర్రకుంక, తనకంటే దాదాపు ఒక సెకను ముందు చుట్టేసి వచ్చేసరికి, జట్టు యజమానురాలు దొన్యా నెలీదా మడత కుర్చీలోంచి లేవకుండానే, మాతే కషాయం పీల్చే గొట్టం నోట్లోంచి తీసి, తీర్పు చెప్పేసింది.

"చూడబ్బాయ్, ఇక గీతలూ వద్దు, గీటురాళ్ళూ వద్దు. ఆ కంప్యూటర్ పెట్టె పీకించేస్తున్నా. నీ కారు ఆ పిల్లాడికిస్తాను. వాడూ నీలాగే ఈడ్చుకుంటూ వస్తే తప్పు కారుదే. సీజను అయ్యేదాకా నువ్వే తోలు, ఎల్వియోని ఇంటికి పంపేసి బ్యూనస్ ఎయిర్స్ నుంచి ఇంకో మెకానిక్కుని తెచ్చుకుంటా. వాడు వేగంగా వచ్చాడనుకో, కారు బాగున్నట్టు. అప్పుడు నేను నీకు వేరే చెప్పక్కర్లేదుగా?"

చెప్పక్కర్లేదు. ఆడలేక మద్దెల ఓడన్నాడని ఆమె అనలేదు, అనకపోయినా షెడ్డులో ప్రతివాడి మొహం మీదా అదే మాట రాసి ఉంది. నెరియో సరేనన్నాడు, ఒక్కటే స్టాప్‌వాచ్, అది ఆమె మెడలోనే ఉంటుంది, సరే, వాడే తోలతాడు, సరే. ఎల్వియోని పంపేసి అన్న ముక్క చెవిన పడింది గాని లోపలికి దిగలేదు, ఎవడి గోల వాడిది. ఎల్వియో మాత్రం చేతులు తుడుచుకుని కారు తలుపు తీసి పట్టుకున్నాడు, అంతే. పంతొమ్మిదేళ్ళుగా ఆ తలుపు తనకోసం తీసిన మనిషి. ఇప్పుడు రెండో మలుపు, అదిగో, గేరు తగ్గించాడు. మెల్లిగానే పోతున్నాడు, టైర్లు వేడెక్కాలి కదా, ఇక్కడ ఆగస్టంటే నడి చలికాలం, రబ్బరు రాయిలా ఉంటుంది. తను వేస్తే కీచుమని అరిచే మూడో గేరు వాడికి కిక్కురుమనకుండా పడింది, దానికి కూడా తన మీద అలకే కాబోలు. షెడ్డు పక్కన జనరేటర్ ఒకటే మోత, దాని దగ్గర నిలబడితే ఏమీ సరిగ్గా వినబడదు, నెరియో హెల్మెట్ చంకలో పెట్టుకుని గడ్డి మీదుగా కంచె వైపు నడిచాడు. హెల్మెట్ ఎందుకు తెచ్చుకున్నాడో తనకే తెలియదు, ఇప్పుడు దానితో పనేముంది, అయినా కింద పెట్టబుద్ధి కాలేదు. గడ్డిలోంచి తేరో పిట్టల జంట ఒకటి లేచి నెత్తి మీద గిరగిరా తిరుగుతూ తేరో, తేరో అని అరిచింది. వీటికి గూడు ఒకచోట, గోల ఒకచోట. నోరు మూసుకోండే, విననివ్వండి.

దక్షిణాన మంచు మీంచి వచ్చే గాలి చెవుల్ని కోస్తోంది. ఈ గాలికి చప్పుడు ముక్కలు ముక్కలుగా వస్తుంది, కాసేపు పక్కనే ఉన్నట్టు, కాసేపు పక్క ఊళ్ళో ఉన్నట్టు. నలభై ఎనిమిదేళ్ళ చెవులు. కళ్ళు? పోయినేడు డాక్టరు చూసి భేషుగ్గా ఉన్నాయన్నాడు. చేతులు వణకవు. నడుము సంగతి సరేసరి, అది ముప్పై ఏళ్ళప్పుడే పోయింది, దాంతోనే మూడుసార్లు జాతీయ చాంపియన్ అయ్యాడు కదా. మరి ఏది పోయినట్టు? సోమవారం మాంసం కొనడానికి వెళ్తే ఫెర్మీన్, చిన్నప్పుడు తనతో పాటు బడి ఎగ్గొట్టినవాడు, కత్తి నూరుకుంటూ, ఊరంతా తనను పిలిచే ముద్దుపేరుతో, "ఏం గ్రింగో, ఆదివారం నీ వెనకాల అంబులెన్స్ హారన్ కొట్టిందట కదా, కాస్త దారివ్వమని!" అన్నాడు. కొట్లో ఉన్న ఆడవాళ్ళు కూడా నవ్వారు. అది ఫర్వాలేదు, ఫెర్మీన్ నోరు అంతే, గెలిచిన రోజుల్లోనూ అంతే. కానీ పొట్లం కట్టేటప్పుడు పక్కటెముకల మాంసం మీద ఇంకో ముక్క కొసరేశాడు, చూడనట్టు. ఆ కొసరు చూసి నెరియోకి కడుపు రగిలిపోయింది. గెలిచినన్నాళ్ళూ చిల్లర తప్పుగా ఇచ్చి ఎగవేసే వెధవ, ఇప్పుడు కొసరేస్తున్నాడంటే తను ఎంత దిగిపోయినట్టు!

రేడియోలో పందేల గురించి వాగేవాడి గొడవ వేరు. ప్రతి మంగళవారం సాయంత్రం మైకు ముందు కూర్చుని గొంతు సవరించుకుంటాడు, జన్మలో ఒక్కసారి స్టీరింగ్ పట్టి ఎరగడు. "బర్దూసి గొప్ప డ్రైవరా, గొప్ప కార్లు దొరికిన డ్రైవరా? నేనెప్పటి నుంచో అంటున్నాను మిత్రులారా, అది బలుపు కాదు, వాపు. ఇప్పుడు వాపు దిగుతోంది, అంతే." అంతే అట. పేరు గొప్ప ఊరు దిబ్బ అని కూడా అన్నాడు పోయిన వారం. ఫోన్లు చేసే జనం, అవునవును, మేమూ అప్పుడే అనుకున్నాం అని ఒకడి మీద ఒకడు పడి చెప్పడం. అప్పుడు అనుకున్నవాళ్ళు అప్పుడే చెప్పాల్సింది, అప్పుడు భుజాల మీద మోశారు కదరా నన్ను. రేడియో కట్టేసి పడుకుంటే నిద్ర పట్టదు, పక్కకు దొర్లితే పెళ్ళాం మిర్తా కూడా మేలుకునే ఉంది. కారులో ఏదో ఉంది మిర్తా అన్నాడు, నూరోసారి. ఆమె కళ్ళు తెరవకుండానే, "ఓడినప్పుడే గుర్తొస్తుందేం నీకు కారు? గెలిచినప్పుడు ఒక్కసారైనా కారు గెలిచిందన్నావా?" అంది. కోపంగా కూడా అనలేదు మహాతల్లి. అని, అటు తిరిగి హాయిగా నిద్రపోయింది, ఈయనగారు తెల్లవార్లూ దూలాలు లెక్కపెట్టాడు.

గెలిచినప్పుడు కారు గుర్తులేదు, నిజమే. గెలిచినప్పుడు తన కాలు కూడా గుర్తులేదు. ఇప్పుడదే తంటా, కుడికాలు గుర్తుంటోంది. మలుపు వస్తుంటే కాలు ఉందని తెలుస్తోంది, బూటు లోపల వేళ్ళు ఉన్నాయని తెలుస్తోంది, అవి ఆక్సిలరేటర్ మీద ఉన్నాయని తెలుస్తోంది, తెలిసేలోపలే అవి వెంట్రుకవాసి పైకి లేస్తున్నాయి. తను ఎత్తడం లేదు, ఒట్టు, అదే లేస్తోంది. వెనక భాగం జారబోతోందని కాలు ముందే పసిగట్టి లేస్తోందా, కాలు లేవడం వల్లే వెనక భాగం జారుతోందా? ఎన్నిసార్లు తిరగేసినా తెగదు. అత్తాకోడళ్ళ తగవు, ఎవరు ముందు మొదలెట్టారో దేవుడికే తెలియాలి. అన్ని మలుపులూ ఒక ఎత్తు, ఈ ఉన్ని కొట్టం మలుపు ఒక ఎత్తు. పూర్వం గొర్రెల ఉన్ని దాచిన రేకుల కొట్టం ఇంకా అక్కడే ఉంది, దాని ముందు రోడ్డు పొడుగ్గా ఎడమకు వంగుతుంది, అక్కడ కాలెత్తకుండా పోయినవాడు మగాడు, ఎత్తినవాడు తక్కినవాడు, ఈ మైదానంలో లెక్క అంతే. జనం ఆదివారాలు మాంసం కాల్చుకుంటూ కంచె పొడవునా కూర్చునేది పందెం చూడటానికి కాదు, వినడానికి, ఎవరి చప్పుడు తెగింది, ఎవరిది తెగలేదు అని. తనది ఒక్కనాడూ తెగలేదు. తెగలేదనే అందరూ అంటారు. లోపల కూర్చున్నవాడికి ఏం వినబడుతుంది?

వస్తోంది. ఇప్పుడు వేడెక్కాయి టైర్లు, ఇప్పుడు అసలు చుట్టు. దొన్యా నెలీదా బొటనవేలు స్టాప్‌వాచ్ మీద ఉంటుంది, షెడ్డు ముందు నుంచి కారు దూసుకుపోయింది, నెరియో రెండు చేతులా కంచె తీగ పట్టుకున్నాడు. హెల్మెట్ ఎప్పుడు కింద పడిందో తెలియదు. ఎత్తరా, ఎత్తు, అబ్బాయ్, కాలెత్తు, నీకూ ఆ వెనక భాగం తగలాలి, నీ నడుము కింద కూడా నేల జారాలి, ఎత్తు. ఒక మనిషి ఇంకో మనిషికి కోరుకోకూడనిది కోరుకుంటున్నానని తెలుసు, తెలిసే కోరుకున్నాడు. ఉన్ని కొట్టం రేకులు గణగణమన్నాయి. చప్పుడు వంగింది, పొడుగ్గా, నిండుగా వంగింది, తెగలేదు. ఎక్కడా తెగలేదు. నూలు పోగు లాగినట్టు అటునుంచి ఇటు వచ్చేసింది.

అయిపోయింది. అంటే కారు బాగుంది. అంటే నేనే. కంచెకు ఆనుకున్నాడు. అంటే ఫెర్మీన్ కొసరు న్యాయమే, రేడియో వాడు న్యాయమే. ఇంటికెళ్ళి మిర్తాకి ఏమని చెప్పాలి, ఆమెకి చెప్పక్కర్లేదు, ఆమెకి తెలుసు. రేపటి నుంచి పొద్దున లేచి ఏం చేస్తారు మనుషులు? అనుకుంటూనే ఉన్నాడు, చెవి మాత్రం పాత అలవాటు కొద్దీ కారు వెంట పోతూనే ఉంది, యూకలిప్టస్ చెట్ల వరస వెనక తిన్నని రోడ్డు మీదికి, ఎవరూ వినని చోటికి. అక్కడ చప్పుడు జారింది. కొద్దిగా. ఊపిరి పట్టి వదిలేంతసేపు కిందికి జారి, మళ్ళీ ఎక్కింది. గాలేమో. మరుసటి చుట్టు కూడా విన్నాడు: కొట్టం దగ్గర తెగలేదు, చెట్ల వెనక జారింది. ఆపై చుట్టు కూడా అంతే. గాలి ప్రతిసారీ ఒకేచోట వీస్తుందా? తిన్నని రోడ్డు మీద, మలుపు లేనిచోట, పసివాడు కూడా కాలు దించి కూర్చునేచోట, ఎవడైనా కాలెత్తుతాడా?

ఎత్తుతాడు. ఆ చప్పుడు తనకు తెలుసు. ఎక్కడిదో వెంటనే తట్టలేదు, తర్వాత తట్టింది. మొదటిసారి చాంపియన్ అయిన పందెం, చివరి చుట్టు, ముందు తన జట్టువాడే రౌల్ ఫస్సీ, తన కంటే పదేళ్ళు పెద్దవాడు. వాడు గెలిచినా వాడికి ఒరిగేదేమీ లేదు, తను గెలిస్తే కిరీటం. చివరి మలుపు దాటి తిన్నగా వస్తుంటే ముందు కారు చప్పుడు ఇలాగే, ఇంతే, జారింది. నెరియో పక్కనుంచి దూసుకుపోయాడు. గేరు పడలేదురా, ఛీ, నా ఖర్మ అన్నాడు ఫస్సీ తర్వాత, వైను సీసా అందిస్తూ, కళ్ళలోకి చూడకుండా. గేరు పడకపోతే ఇంజను గోలపెడుతుంది, అణగదు. అప్పుడే తెలియదా తనకు ఆ సంగతి? తెలుసు. అడగలేదు. అడిగితే ఏమంటాడోనని ఇన్నేళ్ళూ అడగలేదు, మూడేళ్ళ కిందట గుండె ఆగి పోయాడు ఫస్సీ, ఇక అడగడానికి మనిషే లేడు. ఒకటి దానంగా వచ్చిందనుకుందాం, మరి మిగతా రెండూ? ఆ రెండేళ్ళూ కారు కూడా అందరి కార్లకంటే బాగుండేది, ఎల్వియో చెయ్యి అలాంటిది. అలా తీసేసుకుంటూ పోతే తనకంటూ మిగిలేదెంత? నెరియో కంచె పట్టుకుని నవ్వాడు, ఆ నవ్వు తనకే బాగోలేదు. తేరో పిట్టలు మళ్ళీ లేచాయి. కారు షెడ్డు వైపు తిరిగింది.

అతను షెడ్డు చేరేసరికి దొన్యా నెలీదా కళ్ళజోడు పైకెత్తి స్టాప్‌వాచ్ వంక చూస్తోంది. "ఇదిగో," అంది, "పొద్దున నువ్వెంతో వీడూ ఇంచుమించు అంతే. వెంట్రుకవాసి తేడా. కారే, అబ్బాయ్. నీ మాటే నిజమైంది. నిన్ననవసరంగా అనుమానించాను." ఎవరో భుజం తట్టారు. ఇంకెవరో, చెప్పలా, గ్రింగో ఊరికే అంటాడా అన్నారు, పొద్దున మొహాలు తిప్పుకున్నవాళ్ళే. నెరియో ఒంట్లోకి వెచ్చగా ఏదో దిగింది, చలిలో మంట దగ్గర చేతులు పెట్టినట్టు, మంచిదో చెడ్డదో ఆ క్షణాన అడగబుద్ధి కాలేదు. రేడియోలో చెబుతారు ఇది. ఫెర్మీన్ మళ్ళీ చిల్లర ఎగ్గొడతాడు. రాత్రికి మిర్తాని లేపి మరీ చెప్పొచ్చు. ఆదివారం ఉంది, ఆపై ఆదివారం ఉంది, సీజను ఉంది. దామియాన్ హెల్మెట్ తీసి, జుట్టు సవరించుకుంటూ, బూట్ల వంక చూస్తున్నాడు. తన వైపు చూడటం లేదు. ఫస్సీ కూడా ఇలాగే చూడలేదు.

ఎల్వియో కారు చుట్టూ ఒకసారి తిరిగాడు. వంగి వెనక చక్రం పట్టుకుని ఊపి చూశాడు, మోకాళ్ళ మీద కూర్చుని కిందికి తొంగి చూశాడు, లేచాడు. ఆ మొహంలో కోపం ఉంటే బాగుండును. "ఎక్కడ పొరపాటు చేశానో తెలియట్లేదు దొన్యా," అన్నాడు. "అన్నీ చూశాను. ఏదో చూడలేదన్నమాట. వయసైపోయిందేమో నాకు." నెరియో వైపు తిరిగి, "ఇన్నాళ్ళూ నువ్వు చెబుతుంటే నీదే తప్పనుకున్నాను గ్రింగో. ఏమీ అనుకోకురా," అన్నాడు. అని, తన పానాలు ఒక్కొక్కటే తుడిచి పెట్టెలో సర్దుకోవడం మొదలుపెట్టాడు, అవి జట్టువి కావు, తన తండ్రివి.

ఇన్నాళ్ళూ నిద్ర లేనిది తనకొక్కడికేనా? ఈ మనిషి ప్రతి సోమవారం ఆ కారు ఎముకలు ఊడదీసి మళ్ళీ పేర్చాడు, ఏ తప్పూ లేదని చేతులకు తెలిసి కూడా, గ్రింగో చెబుతున్నాడు కదా అని. ఇప్పుడిక జీవితాంతం వెతుక్కుంటాడు, లేని తప్పు కోసం, వంటింట్లో కూర్చుని, ఏ బోల్టు అయి ఉంటుంది అని. ఊరుకో నెరియో, ఊరుకుంటే చాలు, నువ్వు అబద్ధం ఆడక్కర్లేదు, అది వాడే ఆడాడు. ఫస్సీ దగ్గర ఊరుకున్నావు కదా, పెద్ద కష్టమేం కాలేదు కదా.

"ఎల్వియో, అవి ముట్టుకోకు," అన్నాడు. గొంతు అనుకున్నదానికంటే గట్టిగా వచ్చింది. "బండి బాగానే ఉంది." తర్వాత దామియాన్ వైపు తిరిగి, "ఏరా, చెట్ల వెనక ఎందుకు కాలెత్తావు? పిట్టలు అడ్డొచ్చాయా?"

కుర్రాడి మొహం సున్నం కొట్టినట్టయింది. "లేదు గురూ, నేను..."

"ప్రతి చుట్టూ ఎత్తావు. నేను విన్నాను. ఎత్తేవాడివి కొట్టం దగ్గరే ఎత్తొచ్చుగా, నాలాగా? అప్పుడు నేనూ నమ్మి చచ్చేవాణ్ణి."

దామియాన్ హెల్మెట్ ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు. "అక్కడ ఎత్తలేకపోయాను," అన్నాడు చివరికి. "నాకు ఏడేళ్ళప్పుడు మా నాన్న నన్ను భుజాల మీద ఎక్కించుకుని ఆ కంచె దగ్గర నిలబడ్డాడు గురూ. అందరి చప్పుళ్ళూ తెగాయి. నీది తెగలేదు. నీ కారులో కూర్చుని, అక్కడ... నా వల్ల కాలేదు. మరి నిన్ను ఇంటికి పంపడం కూడా నా వల్ల కాలేదు."

"నన్ను నిలబెడదామని ఆ మనిషి పొట్ట కొట్టావు కదరా, వెధవా," అన్నాడు నెరియో. తిట్టాడే గాని తిట్టులో పస లేదు, కళ్ళు చెమర్చాయి, గాలికి అని అందరూ అనుకోవచ్చు. "ఎక్కు. మళ్ళీ వెళ్ళు. ఈసారి నిజంగా తోలు. ఈసారి కూడా ఎత్తావంటే చెవులు పిండుతాను."

దొన్యా నెలీదా జనరేటర్ కట్టేయించింది. మైదానమంతా ఒక్కసారి నిశ్శబ్దమైపోయి, కారు చప్పుడు అందరికీ వినబడింది, మొదటి మలుపు, రెండో మలుపు, వేడెక్కించే చుట్టు, తర్వాత అసలు చుట్టు. కొట్టం రేకులు గణగణమన్నాయి. చప్పుడు వంగింది, తెగలేదు, చెట్ల వెనక్కి వెళ్ళింది, అక్కడా జారలేదు, పైకి, ఇంకా పైకి ఎక్కి, షెడ్డు ముందు నుంచి ఒక్క అరుపుతో దాటిపోయింది. దొన్యా వాచీ నొక్కి చూసుకుంది, చూపించబోయింది. వద్దన్నట్టు చెయ్యి ఊపాడు నెరియో.

"ఆదివారానికి ఇంకెవరినైనా చూసుకోండి దొన్యా," అన్నాడు. "మెకానిక్కుని మాత్రం మార్చకండి."

ఆమె తలాడించింది. మాతే ఆకు వేసిన సొరకాయ బుర్రలో వేడినీళ్ళు పోసి, చెయ్యి చాచి, ముందు అతనికే ఇచ్చింది. అతను నిలబడే తాగాడు, నాలుక కాలింది. మనసు నెమ్మదించాల్సింది, నెమ్మదించలేదు. ఆదివారం రాదు, సరే, ఒప్పుకున్నాడు, కానీ వెనకటి ఆదివారాల మాటేమిటి, వాటినెవరు తేలుస్తారు, ఫస్సీ లేడు, గీతలు లేవు, లోపల కూర్చున్నవాడికి ఏమీ వినబడదు. ఎల్వియో పెట్టెలోంచి పానాలు మళ్ళీ బయటికి తీస్తున్నాడు. నెరియో వెళ్ళి పక్కన నిలబడ్డాడు.

"ఎల్వియో. నిజం చెప్పు. ఇప్పుడు వాడు పోయినట్టు నేనెప్పుడైనా పోయానా?"

"లేదు," అన్నాడు ఎల్వియో, తలెత్తకుండానే. "వాడికి రోడ్డు నున్నగా ఉంది. నీ రోజుల్లో ఆ మలుపు మధ్యలో పెద్ద గుంట ఉండేదిగా. నువ్వు తప్ప అందరూ కాలెత్తేది దాన్ని చూసే. ప్రతి ఆదివారం సాయంత్రం నీ షాక్ అబ్జార్బర్లు పగిలి వచ్చేవి, నేను మార్చేసేవాణ్ణి. నువ్వెప్పుడూ దాని మాట ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. తర్వాతెప్పుడో పూడ్చేశారు."

నెరియో అతని మొహంలోకి వెర్రిగా చూశాడు.

"గుంటా?" అన్నాడు. "ఏ గుంట?"